పీరయ్య రాసిన నాలుగో రూలు

పీరయ్య, జిలానీ ఒకే క్యాంపులో, ఒకే వరండాకు అటూ ఇటూ ఉన్న గదుల్లో పద్నాలుగు నెలలు ఒక్క మాట మాట్లాడుకోకుండా బతికారు. కుళాయి దగ్గర ఒకరుంటే రెండోవాడు బకెట్ పట్టుకుని వెనక్కి తిరిగేవాడు. ఈ పగకు మొదలు ఒక ఆట. సెలవుకు వెళ్లినప్పుడు మా ఊళ్లో చెప్తే నవ్వారు. ఆ నవ్వినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా రేవు పేరు రాయను, అక్కడ నేనింకా పనిచేస్తున్నాను. ఎర్రసముద్రం ఒడ్డున ఉంటుంది, జెద్దా నుంచి తబూక్ వైపు పోతుంటే వస్తుంది. నా పేరు బుచ్చన్న, నిజామాబాద్ దగ్గరి వాణ్ణి, కంపెనీ స్టోర్‌లో కీపర్‌ని. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాల్లో చివరి బల్ల దగ్గర మేం నలుగురైదుగురం చేరేవాళ్లం. ఆట ఏమిటంటే, ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. కథ నడిపేవాడు, "మీ ముందు ఇరుకు సందు ఉంది, అవతల కుక్కలు మొరుగుతున్నాయి, ఏం చేస్తారు" అంటాడు. మనం ఏం చేస్తామో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద అంకె పడితే అనుకున్నది అవుతుంది, చిన్నది పడితే దెబ్బ తింటాం. మా కథ సముద్రపు దొంగలది.

కథ నడిపేది జిలానీ. ప్రొద్దుటూరు మనిషి, ముప్పై మూడేళ్లు, ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్. ఇఖామాల, అంటే ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే అనుమతి కార్డుల, నకళ్ల దగ్గర్నుంచి ప్రమాదాల రిపోర్టుల దాకా ప్రతి కాగితం అతని చేతి మీదుగానే ఫైల్లోకి పోయేది. మంచి గొంతు. తుఫాను చెప్తుంటే మెస్ వంటవాడు కూడా గరిటె పట్టుకుని నిలబడేవాడు. ద్వీపాల పటాలు రంగు పెన్సిళ్లతో తనే గీసేవాడు. ఆ బల్ల మీద అతని మాటకు ఎదురు చెప్పేవాడు ఉండేవాడు కాదు, అది అతనికి బాగా అలవాటైపోయింది.

పీరయ్యది కోరుట్ల దగ్గర పల్లె. నలభై నాలుగేళ్లు. పాతికేళ్ల వయసులో ఈ దేశానికి దక్షిణాన కొండల్లో ఉండే అభా అనే ఊరికి వచ్చి, కొండదారుల పక్కన రాతిగోడలు కట్టే పనిలో ఆరేళ్లు ఉన్నాడు. ఆ కంపెనీ మూతపడితే మా రేవుకు వచ్చాడు. సముద్రాన్ని అప్పుడే మొదటిసారి చూశాడట. మొదట ఓడల తాళ్లు కట్టే పని, తర్వాత లాంచి మీద పని. పెద్ద ఓడను రేవులోకి తేవాలంటే దారి తెలిసిన పైలట్ ఒకడు ముందు ఆ ఓడ ఎక్కాలి. అతన్ని నడిసముద్రానికి తీసుకెళ్లి, కదులుతున్న ఓడ పక్కకు చేర్చి, తాళ్ల నిచ్చెన ఎక్కించేది ఈ లాంచి. ఎక్కేవాళ్లను పట్టుకుని, సరైన క్షణంలో వదిలే మనిషి పీరయ్య. తాడు మధ్య నలిగి అతని ఎడమచేతి రెండు వేళ్లు వంగవు.

మంచివాడని రాయను. పట్టుదల మనిషి. సొంత అన్నతో ఏదో మాట పట్టింపు వచ్చి ఆరేళ్లు పలకలేదు. అన్న కూతురి పెళ్లికి భార్య సరళను పంపాడు గాని, తాను ఫోన్‌లో కూడా దీవించలేదు.

అతన్ని ఆటకు తెచ్చింది ఏసీ మెకానిక్ సాయికుమార్. మూడు శుక్రవారాలు పీరయ్య చాయ్ తాగుతూ ఊరికే చూశాడు. నాలుగో వారం కథలో మా ఓడ ఒక సరుకుల ఓడను తరుముతోంది. సాయికుమార్ తన పాత్ర కత్తి పళ్ల మధ్య కరిచి, తాడు పట్టుకుని ఊగి అవతలి ఓడ మీదికి దూకుతుందన్నాడు. పాచిక పద్నాలుగు పడింది. జిలానీ చెయ్యెత్తి, దిగినావు అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. పీరయ్య నవ్వాడు.

"అట్ల దుంకితే సస్తడు," అన్నాడు.

జిలానీ మొహం తిప్పకుండానే, "ఇది ఆటప్పా. నీ లాంచి పని కాదు," అన్నాడు.

"ఆటనే. సముద్రం అని నువ్వే అంటున్నవ్ గద."

జిలానీ పుస్తకం మూశాడు. అంత తెలిస్తే నువ్వే రూలు రాసుకుని రమ్మన్నాడు. పీరయ్య ఏడో తరగతి దాకానే చదివాడని అందరికీ తెలుసు. ఆ మాట అందుకే అన్నాడు. మాలో ఒకరిద్దరం నవ్వాం కూడా. నేను నవ్వాను.

పీరయ్య రాసుకొచ్చాడు. మూడు వారాలు పట్టింది. గీతల నోటుబుక్కులో, గుండ్రటి తెలుగు అక్షరాలతో, నాలుగు రూళ్లు.

మొదటిది గాలి మరుగు. అవతలి ఓడకు గాలి తగలని పక్కన మన పడవను చేర్చుకోవాలి. చేర్చకుండా ఎక్కబోతే పాచికలో ఐదు తగ్గుతాయి. రెండోది అల. ఎక్కేవాడు ముందు ఆరు ముఖాల చిన్న పాచిక వేస్తాడు. ఐదో ఆరో పడితే అల మీదికొచ్చిందని లెక్క, అప్పుడు కాలు వేస్తే దాదాపు ఎక్కినట్టే. ఒకటో రెండో పడితే పడవ కింద ఉంది. అప్పుడు ఎక్కితే, వెనకే లేచే పడవ కాళ్లను నలిపేస్తుంది. ఆగవచ్చు, కాని ఆగిన ప్రతిసారీ పైనున్న శత్రువు ఒక బాణం వేస్తాడు. మూడోది, తాడు పట్టిన చేతిలో కత్తి ఉండదు. ముందు ఎక్కేవాడు వట్టి చేతులతో ఎక్కాలి, వెనకవాడు అతన్ని కాయాలి. నాలుగోది పడ్డవాడి రూలు. ఎవడైనా రెండు ఓడల మధ్య పడితే యుద్ధం ఆగాలి. పడవలో ఉన్న ప్రతి మనిషీ గెడ పట్టి అవతలి ఓడను నెట్టాలి. పైకెక్కినవాళ్లు కూడా తమ వంతు వదులుకోవాలి. ఒక్కడు నెట్టనన్నా పడ్డవాడు చస్తాడు, పాచిక వేసే పని లేదు.

ఆ రూళ్లతో ఆడిన మొదటి శుక్రవారం నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు ఎవడు వట్టి చేతులతో ఎక్కాలన్న దాని మీదే అరగంట తగువు పడ్డాం. సాయికుమార్ ఎక్కాడు, నేను కాశాను. అల కోసం రెండుసార్లు ఆగాడు, రెండు బాణాలు తిన్నాడు. మూడోసారి ఆరు పడితే బల్ల మీద చెయ్యేసి లేచి నిలబడ్డాడు. పక్క బల్లల దగ్గర క్యారమ్స్ ఆడేవాళ్లు వచ్చి మా వెనక నిలుచున్నారు. ఇంతకుముందు జిలానీ గొంతు విన్నవాళ్లంతా ఆ రోజు పీరయ్య మొహం చూశారు. జిలానీకి అది అర్థమైంది.

అక్కణ్ణుంచి గుచ్చడం మొదలైంది. పీరయ్యను కెప్టెన్ సాబ్ అని పిలిచేవాడు. పాత్రల వివరాల కాగితాలు అప్పటిదాకా తెలుగులో రాసేవాళ్లం, ఇకనుంచి ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు. పీరయ్య పాత్రను కథలో పదే పదే చెరసాలలో వేసి, మిగతావాళ్లు ఆడుతుంటే గంటలు గంటలు కూర్చోబెట్టేవాడు. పీరయ్య కూర్చునేవాడు. లేచి పోతే ఓడినట్టని అతని లెక్క. జిలానీ కథలో గాలి లెక్క తప్పితే మాత్రం అందరి ముందూ తప్పని చెప్పేవాడు, మెల్లగా, చాయ్ ఊదుకుంటూ. ఇద్దరికీ ఆట మీద ధ్యాస పోయి, ఒకరి మీద ఒకరికే మిగిలింది.

అదే రోజుల్లో పీరయ్య నోటుబుక్కును జిలానీ నాకు తెచ్చిచ్చి, రూళ్లను ఇంగ్లీషులోకి రాసిపెట్టమన్నాడు. అందరికీ తలా ఒక కాపీ ఇద్దామన్నాడు. రాసిచ్చాను. పీరయ్యను అడగాలని నాకు తోచలేదు. తోచినా అడిగేవాణ్ణి కాదేమో, ఆఫీసులో జిలానీతో నాకు రోజూ పని ఉంటుంది.

రెండు నెలల తర్వాత నౌమాన్ అని ఒక హైదరాబాదీ టెక్నీషియన్ జెద్దా నుంచి మా సైటుకు బదిలీ అయి వచ్చాడు. జెద్దాలో ఇలాంటి ఆటలాడేవాళ్లంతా ఒకచోట కలిశారట. అక్కడికి జిలానీ వెళ్లి ఓడలెక్కే రూళ్లతో ఆట ఆడించి పేరు తెచ్చుకున్నాడట. పీరయ్యను మెస్‌లో చూసి, మీరూ ఆడతారా, మీ జిలానీ భాయ్ గొప్పగా రాశాడంటూ ఆరు పేజీల కాగితం చేతిలో పెట్టాడు. పాపం, అతనికేమీ తెలియదు.

పీరయ్య దాన్ని స్టోర్‌కు తెచ్చి నన్ను చదవమన్నాడు. పైన జిలానీ పేరుంది, పీరయ్య పేరు ఎక్కడా లేదు. మొదటి మూడు రూళ్లు నేను రాసిచ్చిన మాటలే. చదువుతూ నాలుగో రూలు దగ్గరికి వచ్చాను. పడ్డవాడి కోసం యుద్ధం ఆపడం లేదు. దాని బదులు ఒక పట్టీ ఉంది. పడ్డవాడు పది ముఖాల పాచిక వేయాలి, ఏ అంకెకు ఏ ఎముక విరుగుతుందో వరుసగా రాసి ఉంది. పక్కన నవ్వు పుట్టించే మాటలు.

"ఆ పట్టీ మళ్ల సదువు," అన్నాడు పీరయ్య.

ఎడమ తుంటి. నాలుగు పక్కటెముకలు. కుడి భుజం. దవడ. చదివాను. పీరయ్య ఫిల్టర్ల పెట్టె మీద కూర్చుండిపోయాడు.

స్వామి సంగతి అప్పుడు చెప్పాడు. నేను ఈ సైటుకు రాకముందు లాంచి మీద పీరయ్యతో నిర్మల్ అబ్బాయి ఒకడు పనిచేసేవాడు, ఇరవై తొమ్మిదేళ్లు. పైలట్ ఎక్కేముందు నిచ్చెన గట్టిగా ఉందో లేదో చూడటానికి అతను ఎక్కాడు. అల దిగుతుండగా కాలు జారి లాంచికీ ఓడకూ మధ్య పడ్డాడు. పీరయ్య ఒక్కడే గెడ పట్టి నెట్టాడు. లాంచి నడిపేవాడు చక్రం వదల్లేడు. ఓడ మీదివాళ్లు తమ తాళ్లు చూసుకుంటూ ఉండిపోయారు, ఇద్దరు కిందికి దిగి వచ్చి నెట్టి ఉంటే ఆ సందు తెరుచుకునేది. స్వామి మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. రిపోర్టులో దెబ్బల వరుస చదివి వినిపించి పీరయ్యతో సాక్షి సంతకం పెట్టించారు. ఆ వరుస అతనికి కంఠతా వచ్చు.

"గదే వరుస," అన్నాడు.

ఇంగ్లీషులోకి రాసిచ్చింది నేనేనని అప్పుడు చెప్పాను. నా వైపు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఆ శుక్రవారం జిలానీ బల్ల దగ్గర నౌమాన్‌తో కలిపి ఆరుగురం ఉన్నాం. పీరయ్య వచ్చి తన కుర్చీలో కూర్చోకుండా బల్ల చివర నిలబడి కాగితం పరిచాడు.

"ఈ ఎముకల పట్టీ యాడికెల్లి దెచ్చినవ్?"

"యాడనుంచైతే ఏమప్పా? ఆటలో కాస్త మజా ఉండాల గదా."

"ఎడమ తుంటి, నాలుగు బొక్కలు, కుడి జబ్బ, దవడ. స్వామి రిపోర్టుల గిదే వరుస. కింద నా సంతకమున్నది."

జిలానీ కొంచెంసేపు పాచికల సంచీ తాడు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు. అప్పుడే తప్పయిందని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అతను తల ఎత్తి, "ఆ రిపోర్టు టైపు చేసింది నేను. అందులో మాటలు నీ సొత్తేం కాదు," అన్నాడు. ఆ నోటుబుక్కు కూలివాడి రాతలని, తాను దిద్దాకే అది ఆట అయిందని కూడా అన్నాడు.

సాయికుమార్ లేచి పీరయ్య భుజం పట్టుకున్నాడు. పట్టుకోనక్కర్లేదు. పీరయ్య గొంతు పెంచలేదు.

"నిన్ను కొడ్తె నా ఇఖామా పోతది, నువ్వు మంచోనివైతవు. రెండూ నీకే లాభం. ఇగ నీకూ నాకూ మాట లేదు," అని వెళ్లిపోయాడు.

వెనకే సాయికుమార్ పోయాడు. తర్వాతి వారం నుంచి మా బ్లాక్ పక్కన షెడ్డు కింద పీరయ్య వేరే ఆట పెట్టాడు. లాంచీల మీద పనిచేసే బంగ్లాదేశ్ వాళ్లు ఇద్దరు, సాయికుమార్, నౌమాన్. తెలుగూ హిందీ కలిపి నడిచే కథ. పీరయ్యకు జిలానీ గొంతు లేదు, కాని ఓడ ఎలా మొరాయిస్తుందో తెలుసు. రెండు నెలల్లో జిలానీ బల్ల దగ్గర ముగ్గురమే మిగిలాం.

అప్పుడు షెడ్డు కింద జూదం ఆడుతున్నారని ఎవరో క్యాంపు బాస్‌కు చెప్పారు. ఎవరో అని రాస్తున్నాను గాని, జిలానీ ఆ పొద్దున క్యాంపు బాస్ గదిలోంచి రావడం నేను చూశాను. ఇక్కడ జూదమంటే చిన్న మాట కాదు, దేశం దాటించేస్తారు. బాస్ వచ్చి పాచికలు, నోటుబుక్కు పట్టుకుపోయాడు. నౌమాన్ అరబ్బీలో గంటసేపు నచ్చజెప్పి కేసు కాకుండా ఆపాడు. కాని ఆ రోజు నుంచి క్యాంపులో పాచిక అన్నదే కనపడకూడదన్నారు. దాంతో జిలానీ ఆట కూడా ఆగిపోయింది. అతను అది ఊహించలేదు. పీరయ్య బిస్కెట్ల డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు వేసి, చేయి పెట్టి తీసే పద్ధతి కనిపెట్టాడు. రూళ్లు మళ్లీ రాసుకున్నాడు. అన్నీ గుర్తున్నాయి.

తర్వాత అంతా మౌనం. జిలానీ సాయంత్రాలు గదిలో పటాలు గీసుకునేవాడు, ఎవరికీ చూపించేవాడు కాదు. పీరయ్య అతని నీడ పడితే నడక మార్చేవాడు.

పోయిన ఫిబ్రవరిలో ఉత్తరపు గాలి నాలుగు రోజులు ఆగకుండా వీచింది. బయట లంగరు వేసిన ఓడ ఒకదాని కాగితాల మీద కెప్టెన్ సంతకాలు కావాలి. రోజూ వెళ్లే మనిషి ఉమ్రాకు మక్కా వెళ్లాడు. ముదీర్, అంటే మా మేనేజర్, జిలానీని పొమ్మన్నాడు. అదే ఓడకు స్టోర్ సామాను ఇవ్వాల్సి ఉండి నేనూ లాంచి ఎక్కాను. జిలానీ రేవు మెట్లు దిగి, లాంచి మీద పీరయ్యను చూసి ఆగాడు. వెనక్కి పోతే ముదీర్‌కు కారణం చెప్పాలి. ఎక్కాడు.

ఓడ పక్కకు చేరేసరికి జిలానీ పెదవులు తెల్లబడ్డాయి. నిచ్చెన మా తల మీద ఊగుతోంది. లాంచి ఒక క్షణం దాని నాలుగో మెట్టు దాకా లేస్తోంది, మరుక్షణం మనిషెత్తు కిందికి దిగుతోంది. పీరయ్య అతని లైఫ్ జాకెట్ వీపు పట్టీని పిడికిట్లో పట్టుకున్నాడు. వంగని ఆ రెండు వేళ్లు పట్టీ బయటే ఉండిపోయాయి. ఆ పిడికిలి ఒక్క క్షణం ముందు విప్పినా, ఒక్క క్షణం ఆలస్యంగా విప్పినా, చూసినవాళ్లు అలే అనుకుంటారు.

పద్నాలుగు నెలల తర్వాత పీరయ్య అతనితో అన్న మొదటి మాట, "సంచి ఇడువు."

జిలానీ కాగితాల సంచి ఛాతీకి హత్తుకుని ఉన్నాడు. వదల్లేదు. పీరయ్య దాన్ని లాగి నా మీదికి విసిరాడు. "తాడుతోని తర్వాత పంపుతం. రెండు చేతులు కావాలె." ఒక అల వచ్చింది. జిలానీ కాలు ఎత్తబోయాడు, పీరయ్య వెనక్కి గుంజాడు. ఇంకో అల. మళ్లీ గుంజాడు. మూడోది మమ్మల్ని పైకెత్తి ఒక్క క్షణం అలా నిలిపింది.

"పో."

జిలానీ కదల్లేదు. రెండు చేతులూ తాళ్ల మీద ఉన్నాయి, కాళ్లు లాంచిలో ఉన్నాయి. అల దిగడం మొదలైంది. పీరయ్య భుజం అతని నడుం కింద పెట్టి పైకి తోశాడు. జిలానీ నిచ్చెనకు వేలాడాడు, కాలు మెట్టుకు దొరికింది. "ఎక్కు, ఎక్కు, కిందికి సూడకు," అంటూ పీరయ్య లాంచి నడిపేవాడికి చేత్తో సైగ చేశాడు. లాంచి పక్కకు తప్పుకుంది. మళ్లీ లేచిన అల జిలానీ మడమలకు జానెడు కింద ఆగింది.

తిరిగి దిగేటప్పుడూ పీరయ్యే పట్టుకున్నాడు. ఒడ్డుకు చేరాక జిలానీ అతని ముందు నిలబడి, పీరయ్యా, నీ మేలు మరిచిపోనన్నాడు.

"అది నా డ్యూటీ. నీ కోసం చెయ్యలే," అని పీరయ్య తాడు చుట్టడంలో పడ్డాడు.

వారం తర్వాత జిలానీ నా చేతికి కొత్త కాగితాలిచ్చాడు. ఎముకల పట్టీ తీసేశాడు. నాలుగో రూలు పీరయ్య రాసినట్టే పెట్టాడు. పేర్ల దగ్గర తన పేరు కింద పీరయ్య పేరు చేర్చాడు, అదే సైజు అక్షరాల్లో. నేరుగా ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. నేను తీసుకెళ్లి అంతా చదివి వినిపించాను. పీరయ్య చివరిదాకా విన్నాడు.

"పట్టీ తీసిండు, మంచిది. నా పేరు గూడ తీసెయ్యమను. వాని పేరు కింద నా పేరెందుకు, వాని పక్కకెందుకు," అన్నాడు.

ఆ మాట జిలానీకి చెప్పాను. తల ఊపాడు. ఏప్రిల్‌లో తబూక్‌లోని ఒక పొలాల కంపెనీలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. వెళ్లే రోజు వరండాలో అందరికీ చెయ్యి ఇచ్చాడు. పీరయ్య గది తలుపు మూసి ఉంది. లోపల ఉన్నాడని మాకందరికీ తెలుసు, జిలానీకీ తెలుసు.

షెడ్డు కింద ఆట ఇప్పటికీ నడుస్తోంది. నేనూ పోతున్నాను. పీరయ్య నన్ను రావద్దనలేదు, మొదటి రోజే ఒక పాత్ర కూడా ఇచ్చాడు. ఓడలో వంటవాణ్ణి. మిగతావాళ్లు శత్రువుల ఓడలెక్కుతుంటే నేను కింద పొయ్యి దగ్గర ఉంటాను. ఎనిమిది నెలలైంది. వేరే పాత్ర ఇమ్మని నేను అడగలేదు, అతను ఇవ్వలేదు.